పన్నెండు తీగల గిటార్ కొనమంటారా మాస్టారూ?

ప్రశ్న: మాస్టారికి నమస్కారమండి. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. కొన్నేళ్లుగా మా చర్చి క్వయర్‌లో ఆరు తీగల గిటార్ వాయిస్తున్నాను, ఎక్కువగా స్ట్రమ్మింగే. క్రిస్మస్ పాటలకి నిండుగా ఉంటుందని పన్నెండు తీగల గిటార్ మీద మనసు పడింది. నరసాపురంలో ఇదివరకు ఆర్కెస్ట్రాలో వాయించిన ఒకాయన తన గిటార్ అమ్ముతానంటున్నారు. నా దగ్గరున్నది అమ్మేసి పైన కొంచెం వేస్తే డబ్బు సరిపోతుంది. ఇంట్లో వాళ్లేమో "ఉన్నదానికి ఏమైందిరా" అంటున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, సఖినేటిపల్లి

జవాబు: ఒక మాట ముందే గట్టిగా చెప్పేస్తాను. చేతిలో ఉన్నది అమ్మి మాత్రం కొనకండి. పన్నెండు తీగలది రెండో గిటార్‌గా ఉంటేనే అందం, ఉన్న ఒక్కటీ అదే అయితే ఇబ్బంది పడతారు.

అందులో ఉండేవి ఆరు జతలు. సన్న తీగల రెండు జతల్లో రెండూ ఒకే శ్రుతి, మిగతా నాలుగు జతల్లో లావు తీగ పక్కనే దానికి ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన పలికే సన్న తీగ ఉంటుంది. ఎంత జాగ్రత్తగా శ్రుతి చేసినా జతలో రెండింటికీ వెంట్రుకవాసి తేడా మిగిలిపోతుంది, మీరు మనసు పడ్డ ఆ నిండుదనం, ఆ మెరుపు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. క్వయర్ వెనకాల ఓపెన్ కార్డ్స్ (కొన్ని తీగలు నొక్కకుండా వదిలేసేవి) కొట్టి వదిలితే హాలంతా మోగుతుంది, నాకూ ఆ నాదమంటే ప్రాణం. కానీ పాస్టర్ గారు ప్రార్థన చేస్తున్నప్పుడు వెనక మెల్లగా ప్లక్ చేయాలన్నా, మధ్యలో ఒక లీడ్ బిట్ వాయించాలన్నా, పాటంతా బార్ కార్డ్స్ (ఒక వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి) మీద నడపాలన్నా ఆరు తీగలదే హాయి. దీని మెడ కూడా వెడల్పు. మామూలు గిటార్‌కి నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) దగ్గర సుమారు 43 మిల్లీమీటర్లు ఉంటే దీనికి 47, 48 దాకా ఉంటుంది, మొదట్లో వేళ్లు లాగేస్తాయి.

అసలు చూసుకోవాల్సింది బరువు, అంటే తీగలు లాగే బరువు. లైట్ సెట్ (సన్న రకం తీగలు) వేసిన ఆరు తీగల గిటార్ మీద మొత్తం లాగుడు 70 కిలోల పైచిలుకు ఉంటుంది. పన్నెండు తీగలది మామూలు శ్రుతిలో ఉంటే దగ్గర దగ్గర 110 కిలోలు, అదీ రాత్రీ పగలూ. అంత లాగుడుకి ఏళ్లు గడిచేకొద్దీ బ్రిడ్జి (పెట్టె మీద తీగలు బిగించే ముక్క) వెనక చెక్క ఉబ్బుతుంది, మెడ ముందుకు వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి. అందుకే చాలామంది శ్రుతి ఒక టోన్, అంటే రెండు ఫ్రెట్లంత (ఫ్రెట్ అంటే మెడ మీది లోహపు కమ్మి), కిందికి దించి, రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి వాయిస్తారు. అలా దించితే లాగుడు ఇరవై శాతం దాకా తగ్గుతుంది, కాపో ఉంది కాబట్టి మీ క్వయర్ పాడే శ్రుతీ మారదు. పన్నెండు తీగలంటే పేరు చెప్పే అమెరికన్ గాయకుడు లెడ్ బెల్లీ కూడా తన గిటార్‌ని మామూలు కంటే బాగా కిందికి దించే వాయించేవారు.

దానికి తోడు మన కోనసీమ గాలి. సముద్రం పక్కన ఇనుము ఎంత బతుకుతుందో మీకు నేను చెప్పాలా? మామూలు సెట్‌లో పైన ఇంకో తీగ చుట్టని సాదా ఉక్కు తీగలు రెండే, చాలా పన్నెండు తీగల సెట్లలో అవి ఏడు. తుప్పు ముందు పట్టేది వాటికే. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో ఒక్కో జత కిందా పైనా తుడవాలి, కేసులో సిలికా జెల్ పొట్లాలు పడేసి ఉంచాలి. వానాకాలం తేమకి సాలిడ్ చెక్క ఉబ్బుతుంది, ప్లైవుడ్ టాప్ (పైపలక) అయితే నాదం కాస్త తగ్గినా మన వాతావరణానికి తట్టుకుంటుంది. మీ ఊళ్లో ఉండేవాళ్లకి నేను ప్లైవుడ్ టాపే చెబుతాను.

కొనేముందు ఒక పని చేసి చూడండి. పన్నెండు తీగల సెట్ ఒకటి తెచ్చి, లావు నాలుగు జతల్లోని సన్న తీగలు మాత్రం తీసుకుని, మీ గిటార్‌కి ఉన్న నాలుగు లావు తీగల స్థానంలో వేయండి. దీన్నే నాష్‌విల్ ట్యూనింగ్ అంటారు. క్వయర్‌లో ఇంకొకరి చేత మామూలు గిటార్ వాయింపించి మీరు దీనితో అవే కార్డ్స్ కొడితే, వినేవాళ్లకి దాదాపు పన్నెండు తీగలు మోగినట్టే ఉంటుంది. ఒక సెట్ ఖర్చుతో పోతుంది. ఈ క్రిస్మస్ అలా వాయించాక కూడా మనసు అటే లాగితే అప్పుడు డబ్బు కూడబెట్టుకుని కొనండి.

నరసాపురం వెళ్లి చూడటం మాత్రం ఇప్పుడే చూడొచ్చు. తీగలు వదులు చేసి ఉన్న గిటార్ చూసి ఏమీ తేల్చలేం కాబట్టి ముందు రోజు నుంచే శ్రుతిలో ఉంచమని ఆయన్ని అడగండి. బ్రిడ్జి వెనక అంచు కింద పలుచటి కాగితం పెట్టి నెట్టండి, లోపలికి దూరిందంటే బ్రిడ్జి లేస్తోందని అర్థం. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకీ ఫ్రెట్‌కీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టే, మూడున్నర దాటి, పైగా బ్రిడ్జి మీద తీగలు ఆనే తెల్ల పట్టీని ఇప్పటికే అరగదీసేసి ఉంటే, ఇక తీగలు కిందికి తెచ్చే వీలుండదు కాబట్టి మొహమాటపడకుండా నమస్కారం పెట్టి వచ్చేయండి. శ్రుతి చేసే పన్నెండు కీలూ తిప్పి చూడండి. కొంటే తీగలు కొద్దిగా దించి, గోదావరి దాటే పంటు మీద ఎండలో పెట్టకుండా తెచ్చుకోండి, వేడికి బ్రిడ్జి జిగురు మెత్తబడుతుంది.

ప్రశ్న: నా పన్నెండు తీగల గిటార్‌లో ఒకటే తీగ, మూడో జతలో సన్నది, అస్తమానూ తెగుతోంది. లోపం గిటార్‌దా, నాదా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: మీది కాదమ్మా. మూడో జత అంటే జి జత, అందులోని ఆ సన్న తీగ మొత్తం గిటార్‌లో అన్నిటికంటే పై స్వరం పలుకుతుంది, చివరి ఇ తీగ కంటే కూడా పైన. పైగా అన్నిటికంటే సన్నం. అందుకే ఎక్కడైనా మొదట తెగేది అదే. టోన్ దించి వాయించండి. ఎప్పుడూ ఒకే చోట తెగుతుంటే అక్కడ చూడాలి, నట్ దగ్గరైతే ఆ గాడిలో పదును ఉన్నట్టే, పనివాడి చేత నున్నగా రాయించండి. ఆ ఒక్క తీగ విడిగా రెండు మూడు కొని కేసులో ఉంచుకోండి.

ప్రశ్న: పన్నెండు తీగల గిటార్‌కి ఆరే వేసి వాయించొచ్చా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: వాయించొచ్చు, గిటార్‌కి ఏమీ కాదు. కాకపోతే లాగుడు తగ్గి మెడ వెనక్కి వెళ్లి తీగలు ఫ్రెట్లకి తగులుతూ బుర్రుమనొచ్చు, అప్పుడు ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) కొంచెం వదులు చేయించండి. లావు నాలుగు తీగలనీ లావు తీగల గాళ్లలోనే వేయండి, సన్న గాడిలోకి దిగవు.