మైకు ఆగిపోయిందనుకున్నాక

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. టీవీలో పేరుమోసిన మనిషి, జనానికి దేవుడు, ఇంట్లో ఇంకొకడు. మంచి సరుకే పట్టుకున్నావు. కానీ మొదటి పేజీలోనే డ్రైవర్ని బూతులు తిట్టించావు, రెండో పేజీలో అనాథాశ్రమం డబ్బు మింగించావు, మూడో పేజీకొచ్చేసరికి అతని గురించి నేను తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. ఇంత దుర్మార్గుణ్ని అంతమంది ఎందుకు నెత్తిన పెట్టుకున్నారు? దానికి నీ కథలో జవాబు లేదు.

అందుకే ఒక పాత సినిమా చూడమంటున్నాను, ‘ఎ ఫేస్ ఇన్ ది క్రౌడ్’. 1957లో వచ్చింది. బడ్ షుల్‌బర్గ్ తన చిన్న కథనే పెంచి స్క్రీన్‌ప్లే రాసుకుంటే ఎలియా కజాన్ తీశాడు. వచ్చినప్పుడు సరిగా ఆడలేదు, 2008లో మాత్రం అమెరికా వాళ్లు నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చుకున్నారు.

అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి జైలు. మార్షా అనే అమ్మాయి లోకల్ రేడియో కోసం టేప్ రికార్డర్ పట్టుకుని అక్కడికి వెళ్తుంది. తాగి గొడవ చేసి లోపల పడ్డ ఒక దేశదిమ్మరి, పక్కన గిటార్. అతనికి ‘లోన్సమ్’ (ఒంటరి) రోడ్స్ అని పేరు పెట్టేది కూడా ఆమే. ఆ వేషం వేసిన ఆండీ గ్రిఫిత్‌కి అదే మొదటి సినిమా. ఆ నవ్వు చూడు, నీకూ నచ్చేస్తాడు. నచ్చాలి కూడా, కథ అంతా దాని మీదే నిలబడింది.

రేడియోలో అతను ఇంటి చాకిరీతో నలిగిపోయే ఆడవాళ్ల గురించి మాట్లాడతాడు, వంటింట్లో వింటున్నవాళ్లు పని ఆపేసి నిలబడిపోతారు. నాకైతే అందులో నటన కనిపించలేదు, ఆ కష్టం దగ్గర్నుంచి చూసినవాడే అలా చెప్పగలడు. తర్వాత ఒకరోజు సరదాగా, మీ కుక్కల్ని తీసుకెళ్లి షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) ఇంటి దగ్గర వదలండి అంటాడు, ఊరు ఊరంతా కుక్కలతో బయల్దేరుతుంది. తన నోటికి ఎంత బలముందో అతనికి అప్పుడు తెలిసొస్తుంది. నువ్వు రాయాల్సిన మలుపు అలాంటిది తమ్ముడూ, ఎవరికీ పెద్దగా నష్టం లేని ఒక చిన్న తమాషా.

మెంఫిస్ టీవీలో స్పాన్సర్ పరుపుల్నే వెక్కిరిస్తాడు, వాళ్లు అతన్ని తీసేస్తే జనం రోడ్డు మీద పరుపులు తగలబెడతారు, అమ్మకాలేమో పెరుగుతాయి. ఇక న్యూయార్క్ వెళ్లాక వైటాజెక్స్ అనే మాత్రలు. వాటిలో పస లేదని కంపెనీ వాళ్లకు తెలుసు. ఇతను వాటికి పసుపు రంగు వేయమంటాడు, మగతనం పెరుగుతుందన్నట్టు అమ్మేస్తాడు. ఆ సీన్‌లో అతన్ని వదిలేసి చుట్టూ కూర్చున్నవాళ్ల మొహాలు చూడు. ఇలాంటి అబద్ధాన్ని ఒక్కడు మోయలేడు. దాని మీద బతికేవాళ్లు పదిమంది ఉండాలి, నీ కథలో ఆ పదిమందీ లేరు.

ఇక నీ క్లైమాక్స్. విలేకరి ప్రెస్‌మీట్ పెట్టి ఫైలు బయటపెట్టాడు. నాకేమీ అనిపించలేదు. సినిమాలో షో అయిపోతుంది, తెర మీద పేర్లు వెళ్తుంటాయి, సౌండ్ కట్ అయిందనుకుని రోడ్స్ కెమెరా వైపు నవ్వుతూ చెయ్యి ఊపుతూనే చూసేవాళ్లను వెర్రివాళ్లని తిడుతుంటాడు. కంట్రోల్ రూమ్‌లో మార్షా సౌండ్ మీట పైకి తోసేస్తుంది. పక్కనున్న టెక్నీషియన్లు ఎంత లాగినా వదలదు. ఆ మాటలన్నీ ఇళ్లలోకి వెళ్లిపోతాయి. అతనేమో ఏమీ తెలియకుండా హుషారుగా లిఫ్ట్ ఎక్కుతాడు. లిఫ్ట్ దిగుతూ ఉంటుంది, అంతస్తుల నంబర్లు తగ్గుతూ ఉంటాయి, అవతల ఫోన్లు మోగిపోతూ ఉంటాయి. అతని గురించి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది, అతని గొంతే చెప్పేసింది. చివర్లో విందుకి పిలిచిన పెద్దమనుషులు ఒక్కరూ రారు, ఖాళీ హాల్లో చప్పట్ల మిషన్, అంటే ఉత్తుత్తి చప్పట్లు వినిపించేది, పెట్టించుకుని వింటాడు. ఆ చప్పట్లు వినలేక నేను తల తిప్పుకున్నాను, అంత చేసినవాడి మీద కూడా జాలేసింది. నీ మనిషి మీద నాకు ఆ జాలి కలగాలి.

ఆ మీట పట్టుకున్న చెయ్యి అతన్ని తయారుచేసిన చెయ్యే. అందుకే అంత బరువు. నీ కథలో నాలుగో పేజీలో మేకప్ వేసే అమ్మాయి రెండే రెండు లైన్లలో వచ్చి వెళ్లిపోయింది, తొమ్మిదేళ్లుగా అతని దగ్గరే ఉందని రాశావు. తొమ్మిదేళ్లు! ఆమెకి అన్నీ తెలుసు. ఎందుకు నోరు మెదపలేదు? జీతం కోసమా, భయమా, ఇష్టమా? నువ్వే ఆమెని కూర్చోబెట్టి అడగలేదనిపిస్తోంది.

మొదటి మూడు పేజీలు తీసెయ్. వాటిని వదులుకోవడం కష్టమే, తెలుసు, బాగా చెక్కావు. అతను ఆ అమ్మాయిని మొదటిసారి పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన రోజు దగ్గర మొదలుపెట్టు. ఆ ఒక్క సీనూ రాసి ముందు నాకు పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

నీ అన్నయ్య