ఒపెరా గొంతు బ్రాడ్‌వేకి వెళ్లినప్పుడు

ప్రశ్న: ఒపెరా గాయని రెనీ ఫ్లెమింగ్ న్యూయార్క్ నాటకశాలల ప్రాంతమైన బ్రాడ్‌వేలో మ్యూజికల్‌లో కూడా నటించారని చదివాను. నేను కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. రెండూ పాటతో కథ నడిపే నాటకాలే కదా, గాయనికి నిజంగా మారేది ఏమిటి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా మారేది మైకు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరాలో దాదాపు 3,800 సీట్లు ఉంటాయి. అక్కడ సొప్రానో, అంటే స్త్రీ కంఠాలలో అన్నిటికంటే పై స్థాయిలో పాడే గాయని, మైకు సాయం లేకుండా, పెద్ద ఆర్కెస్ట్రాను దాటి చివరి వరుస దాకా వినిపించాలి. అది అరిస్తే అయ్యే పని కాదు. ఊపిరిని పొదుపుగా వాడుతూ, స్వరం పైకి వెళ్లే కొద్దీ నోటిని మరింత తెరిచి నాదాన్ని పెంచుకుంటారు; అలా తెరిచినప్పుడు అచ్చుల ఆకారం మారిపోయి, పై స్థాయిలో మాటలు సరిగా తెలియవు. మ్యూజికల్‌లో జుట్టులో దాచిన చిన్న మైకు గుసగుసను సైతం అందరికీ చేరుస్తుంది కనుక, ప్రేక్షకుడు ప్రతి మాటనూ ఆశిస్తాడు. సంగతి ఎంత పైకి వెళ్లినా సాహిత్యం చెడకూడదని మీ గురువుగారు చెప్పే ఉంటారు. ఇక్కడ పాటించవలసిందీ అదే.

ఫ్లెమింగ్ 1991లో మొజార్ట్ రచించిన ‘ఫిగారో పెళ్లి’లో కౌంటెస్‌గా మెట్రోపాలిటన్‌లో అడుగుపెట్టారు. 2017 మేలో అక్కడే స్ట్రాస్ ఒపెరా ‘డెర్ రోజెన్‌కవలియర్’లో తనకు ఎంతో పేరు తెచ్చిన మార్షలిన్ పాత్రకు వీడ్కోలు పలికి, ఏడాది తిరగకముందే బ్రాడ్‌వేలో ‘కరౌసెల్’ మ్యూజికల్‌లో నెట్టీ ఫౌలర్‌గా కనిపించారు. అది నాయిక పాత్ర కాదు. అయినా భర్తను పోగొట్టుకున్న నాయిక జూలీని ఓదార్చే ఘట్టం ఆమెదే. ధైర్యం చెప్పే ఆ మాటలను జూలీ మొదలుపెట్టి, దుఃఖం ఆపుకోలేక ఆగిపోతే, నెట్టీ అందుకుని ‘యూ విల్ నెవర్ వాక్ అలోన్’ పాడుతుంది. (ఫుట్‌బాల్ చూసేవారికి ఇది లివర్‌పూల్ అభిమానుల పాటగా తెలిసి ఉంటుంది.) పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్లు కింది స్థాయిలో మొదలై, మెల్లగా ఎక్కే పాట అది. మొదటి చరణంలోనే గొంతంతా విప్పితే ఓదార్పు పోయి కచేరీ మిగులుతుంది. నా దృష్టిలో ఒపెరా గాయనికి అసలు కష్టం అక్కడే ఉంది: ఉన్న బలాన్ని దాచుకోవడం. ఫ్లెమింగ్‌కు ఆ పాత్ర, బ్రాడ్‌వే నాటకాలకు ఇచ్చే టోనీ పురస్కారానికి నామినేషన్ తెచ్చింది. 1945లో తొలిసారి నెట్టీగా పాడిన క్రిస్టీన్ జాన్సన్ కూడా మెట్రోపాలిటన్ గాయనే కాబట్టి, ఈ దారి కొత్తది కాదు.

రెండో తేడా శరీరానికి సంబంధించినది. ఒపెరాలో ప్రధాన పాత్రధారికి ప్రదర్శనల మధ్య సాధారణంగా రెండు మూడు రోజుల విశ్రాంతి దొరుకుతుంది. బ్రాడ్‌వేలో వారానికి ఎనిమిది ప్రదర్శనలు. వీటికి తోడు సంభాషణలు. 2019లో లండన్‌లో ‘ద లైట్ ఇన్ ద పియాజా’ మ్యూజికల్‌లో ఫ్లెమింగ్ వేసిన తల్లి పాత్ర, కథ మధ్యలో ప్రేక్షకులతో నేరుగా మాట్లాడుతుంది. దానికి సంగీతం కూర్చిన ఆడమ్ గెటెల్, ‘కరౌసెల్’ స్వరకర్త రిచర్డ్ రోజర్స్ మనవడే.

వీలైతే ఆమె ‘రుసాల్కా’ ఒపెరాలో చంద్రుణ్ణి వేడుకుంటూ పాడిన పాటనూ, ‘కరౌసెల్’ పాటనూ వెంటవెంటనే వినండి. శ్రుతి, రాగం పక్కన పెట్టి, పై స్వరాల దగ్గర అచ్చులు ఎలా పలుకుతున్నాయో మాత్రమే గమనించండి.