అటారీ ఎస్టీయా, అమీగానా? ముందు మానిటర్ సంగతి తేల్చుకోండి

పాత కంప్యూటర్ ఒకటి కొనాలని ఉంది, అటారీ ఎస్టీ, అమీగాల్లో దేని స్క్రీన్ బాగుంటుంది, మానిటర్‌కి ఎంత అవుతుంది అని అడిగారు. 1980ల చివర్లో అమెరికాలో ఎమ్మెస్ చదివేటప్పుడు నా దగ్గర ఎస్టీ, మా రూమ్మేట్ దగ్గర అమీగా ఉండేవి. ఒకే గదిలో, పక్కపక్క టేబుళ్ల మీద.

కాగితం మీద రెండూ 640×400 పిక్సెళ్లు (చుక్కలు) చూపిస్తాయి. కానీ కంటికి రెండూ ఒకటి కావు. ఎస్టీ బ్లాక్ అండ్ వైట్ మానిటర్ ఎస్‌ఎం124 మొత్తం బొమ్మను సెకనుకు దాదాపు 71 సార్లు గీస్తుంది. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు, కదలకుండా నిలబడేవి. అమీగా మాత్రం 400 గీతలు చూపించాలంటే ఒకసారి సరి గీతలు, ఇంకోసారి బేసి గీతలు గీస్తుంది. అంటే ఒక్కో గీతకి సెకనుకు 30 సార్లే వంతు వస్తుంది. విండో పైఅంచులో ఒక్క పిక్సెల్ మందం అడ్డగీత ఉంటుంది చూడండి, అది ఆగకుండా వణికేది. పది నిమిషాలు చూస్తే కళ్లు లాగేసేవి. అందుకే మావాడు రిపోర్టు టైప్ చేయాలంటే నా కుర్చీలోకి వచ్చేవాడు.

ఆటలకైతే నేనే అటు వెళ్లేవాణ్ణి. ఎస్టీలో 512 రంగుల్లోంచి 16 మాత్రమే ఒకేసారి తెర మీదికి వస్తాయి, అదీ 320×200లో, కలర్ మానిటర్ ఉంటేనే. అమీగాలో ఎంచుకోవడానికి 4096 రంగులు. ఆ బొమ్మలు చూశాక ఎస్టీ వెలవెలబోయేది.

ఇక ధర. 1985లో 520ఎస్టీ మోడల్ బ్లాక్ అండ్ వైట్ మానిటర్‌తో కలిపి 799.99 డాలర్లు, కలర్ మానిటర్‌తో 999.99. అమీగా 1000 మోడల్ అయితే మానిటర్ లేకుండానే 1,295 డాలర్లు. స్టైపెండ్ మీద బతికేవాళ్లకి ఆ తేడా చిన్నది కాదు. అందుకే ఇద్దరం సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాం.

ఇప్పుడు కొనేవాళ్లకీ ఖర్చంతా మానిటర్ దగ్గరే. రెండింటి కలర్ సిగ్నల్ 15 కిలోహెర్ట్జ్ (అంటే సెకనుకు దాదాపు 15 వేల గీతలు) ప్రాంతంలో ఉంటుంది, పీసీలకి వాడే వీజీఏ మానిటర్లు సాధారణంగా 31 కిలోహెర్ట్జ్ నుంచి మొదలవుతాయి. మధ్యలో ఆ వేగాన్ని రెట్టింపు చేసే స్కాన్ డబ్లరో, హెచ్‌డీఎంఐ కన్వర్టరో పెట్టాలి. ఎస్టీ బ్లాక్ అండ్ వైట్ సిగ్నల్ 35 కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది కాబట్టి సరైన కేబుల్ ఉంటే చాలా వీజీఏ మానిటర్లు దాన్ని తీసుకుంటాయి. కోడ్ రాసుకోవడానికి, టైపింగ్‌కి అయితే నా ఓటు ఎస్టీకే. ఆటల కోసమైతే అమీగా తీసుకోండి, కన్వర్టర్ డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. ఎస్టీలో బ్లాక్ అండ్ వైట్ మానిటర్ పీకి కలర్‌ది పెట్టగానే మెషీన్ రీసెట్ అవుతుంది, పని సేవ్ చేశాకే ముట్టుకోండి. పాత మానిటర్ దొరికితే మాత్రం ప్లగ్ తీసేసినా సరే మూత విప్పకండి, లోపల షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.