నేలలో కరిగే మల్చింగ్ షీట్ టమోటాకి పనికొస్తుందా?

టమోటాకి నేలలోనే కరిగిపోయే మల్చింగ్ షీట్ (కలుపు రాకుండా, తడి ఆరకుండా సాళ్ల మీద పరిచేది) వేద్దామనుకుంటున్నా, అమ్మేవాళ్ల మాట నమ్మొచ్చా అని అడిగారు కదా. ఎంటెక్‌లో నా ప్రాజెక్టు ఈ షీట్ తయారుచేయడమే. తయారైన రోల్‌ని మదనపల్లె దగ్గర మా నాయన చేలో నాలుగు సాళ్లకు పరిచాను కూడా, అక్కడ చూసిందే చెప్తా.

కరుగుతుందండీ, అందులో అనుమానం లేదు. మనకు కావాల్సినప్పుడు కరగాలి, అదే తలనొప్పి.

మేం వాడింది పీబ్యాట్ అనే పాలిమర్, దాంట్లో మొక్కజొన్న స్టార్చ్ కలిపాం. మామూలు పాలిథీన్ గొలుసు అంతా కార్బన్‌కి కార్బన్ అతుక్కుని ఉంటుంది, సూక్ష్మజీవులకు పట్టు దొరకదు. పీబ్యాట్‌లో మధ్యమధ్యలో ఎస్టర్ బంధాలుంటాయి, మట్టిలోని బూజులు, బ్యాక్టీరియా వదిలే ఎంజైములు అక్కడ తెంపుతాయి, ఆ ముక్కల్ని అవే తినేస్తాయి. 2018లో జ్యూరిక్ పరిశోధకులు పీబ్యాట్‌లోని కార్బన్‌కి గుర్తు పెట్టి చూస్తే అది కార్బన్ డయాక్సైడ్‌లోనూ సూక్ష్మజీవుల ఒంట్లోనూ తేలింది. స్టార్చ్ కలిపేది ధర తగ్గడానికి, కానీ అది తేమ లాగుతుంది. ఒకసారి ఈ మిశ్రమం ప్లాస్టిక్ గింజల్ని సరిగా ఆరబెట్టకుండా మిషన్‌లో వేశాం, షీట్ నిండా బొబ్బలు, ల్యాబంతా మాడిన అన్నం వాసన.

చేలో వేశాక పైభాగం బాగానే ఉంది, మట్టి కప్పిన అంచులు మాత్రం (తడి ఉండేది అక్కడే కదా) రెండో నెలకే పుచ్చిపోయి, ఒక సాయంత్రం గాలికి షీట్ లేచి మొక్కల మీద పడింది. "పంటకంటే ముందు నీ షీటే కోతకొచ్చిందే" అన్నాడు నాయన. ఇక తుంగ కలుపు, అది పాలిథీన్‌నే పొడుచుకొస్తుంది, దీన్ని లెక్కచేస్తుందా! తర్వాతి బ్యాచ్‌లో స్టార్చ్ తగ్గించి మందం పెంచితే నాలుగు నెలలు నిలిచింది. కోతలయ్యాక రోటవేటర్ తొక్కించి షీట్‌ని మట్టిలో కలిపేశాం. ఏడాది తర్వాత చూస్తే డ్రిప్పు తడి అందిన చోట ఏమీ లేదు, గట్టు పక్కన ఎండు నేలలో ముక్కలు ఇంకా చేతికి తగులుతున్నాయి.

కొనేటప్పుడు 'కంపోస్టబుల్' అన్న ముద్ర చూసి మోసపోకండి. ఆ పరీక్ష 58 డిగ్రీల వేడి కంపోస్టులో చేస్తారు, మీ మడిలో అంత వేడి నెలల తరబడి నిలవదు. నేలకోసం ఐరోపాలో 2018లో ఈఎన్ 17033 అనే ప్రమాణం వచ్చింది, 25 డిగ్రీల దగ్గర మట్టిలో రెండేళ్లలోపు షీట్‌లోని కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలని దాని లెక్క, ఆ రిపోర్టు ఉందా అని అడగండి. 'ఆక్సో' రకం అంటే మాత్రం వద్దనండి, అది పాలిథీనే, పొడిపొడి అయ్యేలా మందు కలుపుతారు అంతే. ఐరోపా యూనియన్ 2019 చట్టంతో దాన్ని నిషేధించింది.

ధర మామూలు షీట్‌కంటే ఎక్కువే, కానీ పాత షీట్ ఏరించే కూలి మిగులుతుంది. అయినా ఎకరమంతా ఒకేసారి వేయకండి. రెండు సాళ్లకు వేసి, నలభయ్యో రోజున అంచు దగ్గర మట్టి తీసి గోటితో లాగి చూడండి. అప్పటికే చిరిగిపోతుంటే ఆ రకం టమోటాకి ఆగదు.