ప్రశ్నలు–జవాబులు: నోలన్ రయన్‌ను ఏ అంకెతో తూచాలి?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క మనిషి గురించే. అమెరికా బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో 1966లో తొలి మ్యాచ్, 1993లో ఆఖరిది, మధ్యలో 27 సీజన్లు, 5,714 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను ఔట్ చేయడం): పిచ్చర్, అంటే బంతి విసిరే ఆటగాడు, నోలన్ రయన్. హ్యూస్టన్ జట్టుకూ, డాలస్ పక్కనే ఆర్లింగ్టన్‌లోని జట్టుకూ ఆడాడు కాబట్టి అక్కడి తెలుగువాళ్లకు ఆఫీసులో ఈ పేరు తప్పించుకునే దారి లేదు.

ప్రశ్న: క్రికెట్ మాత్రమే తెలిసినవాణ్ణి. రయన్ ఈఆర్ఏ 3.19 చాలా మంచిదంటారు. మరి ఈఆర్ఏ ప్లస్ 112 దగ్గరే ఎందుకు ఆగింది? (విజయవాడ)

ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు (పిచ్చర్ లెక్కలో మూడు ఔట్లు ఒక ఇన్నింగ్స్) పిచ్చర్ ఖాతాలో పడే పరుగులు. ఫీల్డర్ల తప్పిదాల పుణ్యమా అని వచ్చిన పరుగులు ఇందులోకి రావు. రయన్‌కు 5,386 ఇన్నింగ్స్‌లో అలాంటి పరుగులు 1,911. తొమ్మిదితో హెచ్చవేసి ఇన్నింగ్స్‌తో భాగిస్తే 3.19.

అయితే ఆ రోజుల్లో పరుగులు ఇప్పటంత సులువుగా వచ్చేవి కావు. పైగా 1980 నుంచి 1988 వరకు ఆయన సొంత మైదానం ఆస్ట్రోడోమ్. పైకప్పు ఉన్న స్టేడియం, విశాలమైన మైదానం, బంతి దూరం పోదు. అంతకుముందు ఆడిన ఏంజెల్స్ జట్టు మైదానం కూడా పిచ్చర్లకు అనుకూలమే. ఈఆర్ఏ ప్లస్ ఈ రెండింటినీ సర్దుతుంది: మైదానాన్ని బట్టి సవరించిన లీగ్ సగటును ఆటగాడి ఈఆర్ఏతో భాగించి వందతో హెచ్చిస్తారు. 112 అంటే లీగ్ సగటు ఆయన అంకె కంటే 12 శాతం ఎక్కువగా ఉందని. బాగుంది, అద్భుతం కాదు. 1969 మెట్స్ జట్టులో ఆయన సహచరుడైన పిచ్చర్ టామ్ సీవర్‌కు ఇది 127.

ప్రశ్న: బేస్‌బాల్ రిఫరెన్స్‌లో రయన్ పిచింగ్ వార్ 84 దగ్గర ఉంది, ఫ్యాన్‌గ్రాఫ్స్‌లో 107 దగ్గర. సీవర్‌కేమో మొదటి దాంట్లో 106, రెండో దాంట్లో 92. ఒకచోట సీవర్ ముందు, ఇంకోచోట రయన్ ముందు! ఏది నమ్మాలి? (ఫ్రిస్కో, టెక్సస్)

మంచి చోట పట్టుకున్నారు. వార్ అంటే, చిన్న లీగ్ నుంచి అప్పటికప్పుడు తెచ్చుకోగల మామూలు ఆటగాడితో పోలిస్తే ఇతను జట్టుకు ఎన్ని విజయాలు అదనంగా ఇచ్చాడన్న అంచనా. రెండు సైట్లూ ఆ మాటే అంటాయి, కానీ ముడిసరుకు వేరు.

ఫ్యాన్‌గ్రాఫ్స్ మొదలుపెట్టేది ఫిప్ అనే కొలతతో. పిచ్చర్ చేతిలో పూర్తిగా ఉండేవి హోమ్ రన్లు (కంచె దాటించిన బంతులు), వాక్‌లు (నాలుగు తప్పు బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్), బంతి ఒంటికి తగిలి బేస్ పొందినవి, స్ట్రైకౌట్లు మాత్రమేనని దాని నమ్మకం. లెక్క ఇది: హోమ్ రన్లు 13తో, వాక్‌లూ తగిలినవీ కలిపి 3తో హెచ్చించి కూడండి. స్ట్రైకౌట్లకు రెట్టింపు తీసేయండి. ఇన్నింగ్స్‌తో భాగించండి. చివరికి ఆ ఏటి లీగ్ ఈఆర్ఏకు సరిపడేలా ఒక స్థిరాంకం కలపాలి.

రయన్‌కు వేద్దాం. 321 హోమ్ రన్లకు 4,173. వాక్‌లు 2,795, తగిలినవి 158, కలిపి 2,953కు 8,859. తీసేయాల్సింది 11,428. మిగిలేది 1,604. దాన్ని 5,386తో భాగిస్తే 0.30. సీవర్‌వి 380 హోమ్ రన్లు, 1,390 వాక్‌లు, 76 తగిలినవి, 3,640 స్ట్రైకౌట్లు, 4,783 ఇన్నింగ్స్. ఇదే లెక్కకు 0.43 వస్తుంది. స్థిరాంకం ఆ కాలానికి సుమారు 2.7, ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. కాబట్టి ఫిప్ ప్రకారం రయన్ కొంచెం మెరుగు, ఇన్నింగ్స్ కూడా ఆరువందలు ఎక్కువ. ఫ్యాన్‌గ్రాఫ్స్‌లో ముందుండటం వింతేమీ కాదు.

బేస్‌బాల్ రిఫరెన్స్ ఆ దారిన పోదు. నిజంగా ఎన్ని పరుగులు వచ్చాయో చూస్తుంది, ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవీ కలిపే. ఆపైన ఎదురైన జట్ల బలం, మైదానం, వెనకున్న ఫీల్డర్ల నాణ్యత సర్దుతుంది. రయన్ మీద మొత్తం పరుగులు 2,178, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు 3.64. సీవర్ మీద 1,674, అంటే 3.15. తేడా దాదాపు అర పరుగు.

ఫిప్‌లో ముందున్నవాడు పరుగుల్లో ఇంత వెనకపడ్డాడేం? దురదృష్టం అనుకోవద్దు. అసలు రయన్ బంతిని బ్యాట్‌కు తగిలించినా హిట్ (కొట్టి క్షేమంగా బేస్ చేరడం) దొరకడం కష్టం. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన హిట్లు 6.6 మాత్రమే, కెరీర్ మొత్తానికి ఇదే రికార్డు. ఆ లెక్కన పరుగులు ఫిప్ చెప్పినదానికన్నా తక్కువ రావాలి. రాలేదు. ఎందుకంటే బేస్ మీద మనిషి ఉన్నప్పుడు జరిగేది ఫిప్‌కు కనపడదు. రయన్ మీద రన్నర్లు దొంగిలించిన బేస్‌లు (బ్యాటర్ కొట్టకుండానే పరుగెత్తి చేరుకున్నవి) 757, ఇదీ రికార్డే. క్యాచర్‌కు అందకుండా పోయిన వైల్డ్ పిచ్‌లు 277. వాక్‌తో మొదటి బేస్‌కు చేరినవాడు స్టీల్‌తో రెండోదానికి, వైల్డ్ పిచ్‌తో మూడోదానికి పోతే, ఆపైన దూరంగా గాల్లోకి లేపిన ఒక్క బంతికే, దాన్ని క్యాచ్ పట్టినా సరే, పరుగు వచ్చేస్తుంది. ఒక్క హిట్ కూడా అక్కర్లేదు. ఇక ఫీల్డర్ల తప్పిదాల ఖాతాలోకి పోయిన పరుగులు రయన్ మొత్తంలో 12 శాతం, సీవర్‌కు 9 శాతం. ఈఆర్ఏ వాటిని దాచేస్తుంది.

నా మాట: వచ్చే ఏడు ఎలా ఆడతాడో తెలియాలంటే ఫిప్ చూడండి. ముగిసిపోయిన 27 సీజన్లకు లెక్క కట్టేటప్పుడు వచ్చిన పరుగులే చూడాలి. అంత పొడుగు కెరీర్‌లో అదృష్టం, దురదృష్టం చాలావరకు చెల్లుకు చెల్లు అవుతాయి. మిగిలిన తేడా ఆటగాడిదే. కాబట్టి సీవరే ముందు. దశాంశాల గురించి కొట్లాడుకోకండి, సైట్లు వాటిని అప్పుడప్పుడూ సవరిస్తూనే ఉంటాయి.

ప్రశ్న: రయన్ ఏడు నో-హిట్టర్లకు (ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్‌లకు) ఈ లెక్కల్లో విలువే లేదా? (గుంటూరు)

విడిగా ఏమీ లేదు. పరుగు రాని ఏ మ్యాచ్‌కైనా పడే మార్కులే దీనికీ పడతాయి. ఏడు మ్యాచ్‌లంటే 773 స్టార్ట్‌లలో (మొదటి పిచ్చర్‌గా దిగిన మ్యాచ్‌లలో) ఒక శాతం లోపే. రికార్డుగా మాత్రం దాని దరిదాపులకు ఎవరూ రారు. ఆఖరిది 1991 మే 1న, 44 ఏళ్ల వయసులో.

ప్రశ్న: 1987లో 8 గెలుపులు, 16 ఓటములు. అది చెడ్డ ఏడాదేగా? (హ్యూస్టన్)

కాదు, ఆయన మంచి సీజన్లలో ఒకటి. ఈఆర్ఏ 2.76తో నేషనల్ లీగ్‌లో మొదటి స్థానం, 270 స్ట్రైకౌట్లతో అందులోనూ మొదటి స్థానం, ఈఆర్ఏ ప్లస్ 142. ఆయన జట్టు ఆస్ట్రోస్ బ్యాటర్లు ఆయన పిచ్ చేసిన రోజుల్లో పరుగులు చేయలేదు, అంతే. గెలుపు–ఓటమి అంకెలో సగం సొంత బ్యాటర్లది. ఆ ఏడు లీగ్ ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్) స్టీవ్ బెడ్రోసియన్‌కు పోయింది. రయన్‌కు కెరీర్‌లో ఒక్కసారీ రాలేదు. 324–292 అన్న మొత్తం రికార్డును చూపి ఆయన్ను తక్కువ చేసేవారికి ఈ ఒక్క సీజన్ చూపిస్తే చాలు.

ప్రశ్న: ఎక్కువ కాలం ఆడటం వల్లే ఆయన వార్ పెరిగిందంటే ఒప్పుకుంటారా? (ప్లేనో, టెక్సస్)

చాలావరకు. రెండు పరీక్షలు పెట్టండి. మొదటిది, బేస్‌బాల్ రిఫరెన్స్ లెక్కలో 200 ఇన్నింగ్స్‌కు వార్ ఎంత. రయన్‌కు 3.1, సీవర్‌కు 4.4. మరో మేటి పిచ్చర్ పెడ్రో మార్టినెజ్ వేసింది 2,827 ఇన్నింగ్స్, రయన్ వేసినవాటిలో సగం కంటే కాస్త ఎక్కువ. ఆయన పిచింగ్ వార్ 86 దగ్గర, అంటే రయన్ కన్నా తక్కువేమీ కాదు. 200 ఇన్నింగ్స్‌కు 6 పైమాటే.

రెండోది జాస్ అనే కొలత. మొత్తం వార్, అత్యుత్తమ ఏడు సీజన్ల వార్, ఈ రెండింటి సగటు. రయన్ ఏడు సీజన్లవి కలిపితే 43 చుట్టూ. హాల్ ఆఫ్ ఫేమ్‌లో (దిగ్గజాల గౌరవ జాబితాలో) ఉన్న స్టార్టర్ల సగటు 50 దగ్గర. శిఖరం కొంచెం కురచ, పీఠభూమి మాత్రం మహా పొడుగు.

అయితే ఆ పొడుగును తేలిగ్గా తీసేయడం నాకు నచ్చదు. 1977లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు 6.1 వాక్‌లు ఇచ్చినవాడు 1989లో, 42 ఏళ్ల వయసులో, 3.7కి దించాడు. స్ట్రైకౌట్లు 11.3కి పెంచాడు. అప్పటి లీగ్ సగటు 5.5 దగ్గర. వయసుతో వేగం తగ్గాక మెళకువ నేర్చుకున్న పిచ్చర్లు చాలామందే. వేగం తగ్గకుండా మెళకువా నేర్చుకున్నవాళ్లు ఎందరు?

ప్రశ్న: ఎక్సెల్‌లో ఇవన్నీ నేనే వేసుకుంటున్నాను. మొత్తాలు సైట్‌తో కలవడం లేదు. (హైదరాబాద్)

మూడు చోట్ల చూడండి. ఇన్నింగ్స్‌లో చుక్క తర్వాతి అంకె దశాంశం కాదు, ఔట్ల సంఖ్య. 1974లో 332.2 అంటే 332 ఇన్నింగ్స్, రెండు ఔట్లు, అంటే 332.67. ముందుగా అన్నిటినీ ఔట్లలోకి మార్చి (332×3+2 = 998) కూడి, చివర మూడుతో భాగించండి. ఎక్కువమందికి తేడా వచ్చేది ఇక్కడే.

రెండు, 27 సీజన్ల ఈఆర్ఏ ప్లస్‌లను కూడి 27తో భాగించకూడదు. 1966లో ఆయన వేసింది మూడు ఇన్నింగ్సే. దానికీ 1974కీ ఒకే బరువు ఇస్తే అంకె ఎటో పోతుంది. ఇన్నింగ్స్‌తో తూకం వేసినా కొద్దిపాటి తేడా మిగులుతుంది, ఎందుకంటే ఈఆర్ఏ అందులో భాజకంగా ఉంది. సరైన పద్ధతి: ప్రతి ఏటి సవరించిన లీగ్ ఈఆర్ఏను ఆయన ఇన్నింగ్స్‌తో హెచ్చించి తొమ్మిదితో భాగించండి. అలా వచ్చిన పరుగులన్నీ కూడి, ఆయన 1,911తో భాగించి వందతో హెచ్చించండి.

మూడు, వార్‌లో పిచింగ్‌దీ మొత్తందీ కలిపేసుకుంటారు. నేషనల్ లీగ్‌లో అప్పట్లో పిచ్చర్లూ బ్యాటింగ్ చేసేవారు. రయన్ బ్యాటింగ్ దండగ్గా ఉండేది, అది మొత్తంలోంచి రెండు వార్ దాకా తీసేస్తుంది. సీవర్‌కు బ్యాటింగ్ కలిపితే పెరుగుతుంది. ఇద్దరికీ ఒకే వరస తీసుకోండి.