"కారు ఐసు ఫ్యాక్టరీ వెనక పెట్టి నడిచి వెళ్తున్నాను"

భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నడుపుతున్న 43 ఏళ్ల యజమాని రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం కాబట్టి కుదించి ఇస్తున్నాను.

"మేడమ్, మా నాన్న సైకిల్ మీద తిరిగి చెరువులు చేసిన మనిషి. నేను 2011లో చిన్న షెడ్డుతో మొదలుపెట్టాను. ఇప్పుడు మా దగ్గర 140 మంది పనిచేస్తున్నారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. 2025 ఉగాదికి బెంజి కారు కొన్నాను. ఆగస్టులో అమెరికా సుంకాలు పెంచింది, ఆర్డర్లు పడిపోయాయి. వారానికి ఆరు రోజుల పని నాలుగు రోజులైంది. ఆ సంగతి సూపర్‌వైజర్‌తో చెప్పించాను. తర్వాత ఒకరోజు పొద్దున్నే నేను కారు దిగుతుంటే, నాన్న కాలం నుంచి మమ్మల్ని ఎరిగిన ఒకావిడ దగ్గరకొచ్చి బానెట్ మీద చెయ్యి వెయ్యబోయింది. అంతలోనే వెనక్కి తీసుకుని చీర చెంగుకి తుడుచుకుంది. 'వద్దులే బాబూ, మరక పడుద్ది' అంది. ఐసు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడిన ఆ వేళ్ళు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఆ రోజు నుంచి కారు ప్లాంటు దాకా తీసుకెళ్ళలేకపోతున్నాను. ఐసు ఫ్యాక్టరీ వెనక పెట్టి నడిచి వెళ్తున్నాను. పనివాళ్ళు వ్యాన్లు దిగే వేళకి కాకుండా పదింటికి వెళ్తున్నాను. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. 'ఎవరి సొమ్మూ తినలేదు కదా, దొంగలా తిరగడం దేనికి?' అంటుంది నా భార్య. నాన్న ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆ కారెక్కలేదు. అమ్మేయమంటారా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. మొదటిసారి కారు గురించే చదివాను. రెండోసారి, మూడో పేజీలో మీరు మాటవరసకి చెప్పినట్టు రాసిన నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయాను. 1995 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య చెరువులు తుడిచిపెట్టుకుపోయినప్పుడు, అంతకు ముందు పంట తాలూకు డబ్బు మీ నాన్నగారికి ఒక వ్యాపారి నుంచి రావాల్సి ఉందని రాశారు. పన్నెండేళ్ళ మిమ్మల్ని సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని నాన్నగారు ఆ ఇంటికి వెళ్ళేవారని, వాకిట్లో తెల్ల కాంటెస్సా కారు ఉండేదని, లోపలి నుంచి మాత్రం 'అయ్యగారు లేరు' అనేవారని రాశారు. "కారుంది కదా నాన్నా, మరి లేరంటారేంటి?" అని మీరు అడిగితే ఆయన ఏమీ మాట్లాడకుండా సైకిల్ తిప్పేశారట.

ఆ పక్క వాక్యంలోనే మళ్ళీ బెంజి గురించి మొదలుపెట్టారు.

నాకు అర్థమైంది చెప్తాను. ఆ వాకిట్లో నిలబడ్డ పిల్లాడు ఖరీదైన కారు కనబడితే చాలు, లోపల ఎవరో దాక్కున్నారని నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత అలాంటి కారులోంచి తనే దిగాడు. ఎదురుగా నాన్నకి తెలిసిన మనిషి, తడి చెయ్యి. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోగానే మీకు మీరు ఆ కాంటెస్సా వ్యాపారిలా కనబడ్డారు. అందుకే అది అంత గట్టిగా తగిలింది. మీ భార్యకి ఇది తెలియకపోవచ్చు. 'దొంగలా' అన్న మాట ఆవిడ మామూలుగానే వాడారు, మీకు మాత్రం అది సరిగ్గా పాత పుండు మీదే పడింది. ఆ కాంటెస్సా కథ ఆవిడకి ఎప్పుడైనా చెప్పారా? చెప్పకపోతే ఈ రాత్రే చెప్పండి.

ఇంతవరకూ అయితే "మీరు ఆయనలాంటివారు కాదు, నిశ్చింతగా తిరగండి" అని రాసి ముగించేదాన్ని. కానీ మీ ఉత్తరంలో ఇంకో మాట కూడా ఉంది. కారు వాయిదా ప్రతి నెలా 5న బ్యాంకు వాళ్ళే కోసుకుంటారని, ఆర్డర్లు తగ్గాక జీతాలు మాత్రం 12, 13 తేదీలకి వెళ్తున్నాయని రాశారు. కంటైనర్ లోడింగ్ ఉన్న రోజుల్లో రాత్రి తొమ్మిది దాకా ఉన్న ఆడవాళ్ళ ఓవర్‌టైమ్ లెక్క కూలీల మేస్త్రి చూసుకుంటాడని రాశారు. చెరువు రైతులకి ఇదివరకు పది రోజుల్లో ఇచ్చేది ఇప్పుడు నెలన్నర పడుతోందని కూడా రాశారు.

ఆ వ్యాపారి కారు కొన్నందుకు కాదు కదా మీకు ఆయన మీద కోపం. ఇవ్వాల్సింది ఇవ్వకుండా మొహం చాటేసినందుకు. మరి ఈ మూడు లెక్కల దగ్గర మిమ్మల్ని బాధపెడుతున్నది చిన్నప్పటి జ్ఞాపకం ఒక్కటేనా? నాకలా అనిపించడం లేదు. మీ గిల్టీ ఫీలింగ్‌లో సగం పాత భయం, సగం ఇప్పటి బాకీ. రెండూ కలిసిపోయి కారు మీద కూర్చున్నాయి. కారు అమ్మితే మొదటి సగం మీతోనే ఉంటుంది, రెండో సగం తీరదు.

అందుకని ముందు బాకీ సంగతి చూద్దాం.

నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలన్నది చట్టం. ఆర్డర్లు తగ్గాయన్న కారణం దానికి పనికిరాదు. చట్టం అటుంచి, 7కి 12కి తేడా ఏమిటో మీ ప్లాంటులో రొయ్యలు వలిచే టేబుల్ దగ్గర నిలబడే మనిషి వైపు నుంచి చూడండి. డ్వాక్రా గ్రూపులో వాయిదా రోజు వస్తుంది. ఆవిడ కట్టలేకపోతే గ్రూపులో మిగతావాళ్ళు సర్దాలి. సర్దుతారు, కానీ ఆ సాయంత్రం అందరి ముందూ ఒక మాట పడాలి. ఆ మాట తప్పించుకోడానికి మెళ్ళో గొలుసు తాకట్టుకి వెళ్తుంది. మీకు ఐదు రోజుల ఆలస్యం, అవతల ఇంట్లో వడ్డీ. రేపు బ్యాంకుకి వెళ్ళి కారు వాయిదా తేదీ 10కో 15కో మార్చమని అడగండి. జీతాలు 7 లోపు వెయ్యండి. బ్యాంకు తేదీ మార్చనంటే, వాయిదా డబ్బు మీ ఇంటి ఖర్చులోంచి సర్దుకోండి, జీతాల డబ్బు ముట్టుకోకండి. ముందు వాళ్ళ చేతికి డబ్బు అందాలి, తర్వాతే కారుకి పోవాలి. ఆ వరస మారితే మీ నిద్ర కూడా కొంత మారుతుందని నా నమ్మకం.

ఓవర్‌టైమ్‌కి మామూలు రేటుకి రెట్టింపు ఇవ్వాలి. "మేస్త్రి ఎంతో కొంత ఇస్తాడు" అని రాశారు. ఆ ఎంతో కొంత ఎంతో మీకు తెలియాలి. మేస్త్రి ఇవ్వకపోతే ఆ బాధ్యత చివరికి మీ మీదకే వస్తుంది. అసలు అందరికీ బ్యాంకు ఖాతాలు ఉన్న ఈ రోజుల్లో మధ్యలో ఆయన చేతుల మీదుగా డబ్బు పోవడం దేనికి? గేటు రిజిస్టర్ ముందు పెట్టుకుని గత ఆరు నెలలదీ లెక్క కట్టించండి. తక్కువ పడినవాళ్ళకి నేరుగా ఖాతాలో వెయ్యండి. కిలోల లెక్కన పనిచేసేవాళ్ళ పేర్లు ఈఎస్‌ఐలో, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమాలో ఉన్నాయో లేవో కూడా అదే రోజు చూడండి. నెలకి 21 వేల లోపు సంపాదించే ప్రతివాళ్ళకీ అది రావాలి. మీరు కట్టేది 3.25 శాతం, వాళ్ళ నుంచి 0.75 శాతం. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి, గట్టి నేల మీద నిలబడి పనిచేసే మనిషికి చర్మం, నడుం ముందు పోతాయి. మీరు మర్చిపోలేకపోతున్న ఆ వేళ్ళకి కావాల్సింది మంచి గ్లోవ్స్, ఈఎస్‌ఐ కార్డు.

సంక్రాంతికి అందరికీ మంచి చీరలు పెట్టానని రాశారు. మంచి పని, మానకండి. కానీ ఓవర్‌టైమ్ బాకీ ఉండగా పెట్టిన చీర కట్టుకునేవాళ్ళకీ బరువే, పెట్టినవాళ్ళకీ బరువే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మాది నరసాపురం వైపు. మా అమ్మ లేసు అల్లేది. చిన్నప్పుడు లేసు కొనడానికి మా ఊరికి ఇద్దరు వచ్చేవారు. ఒకాయన జీపులో, ఇంకొకాయన సైకిల్ మీద. సైకిల్ ఆయన మా అరుగు మీదే కూర్చుని మజ్జిగ తాగేవాడు, "అక్కా" అని పిలిచేవాడు, లెక్క దగ్గర మాత్రం 'దారం మాసింది' అని ప్రతి డజనుకీ రెండు రూపాయలు కోసేవాడు. జీపాయన నవ్వేవాడు కాదు, కూర్చునేవాడు కాదు, ముక్కలు లెక్కపెట్టి ఆ పూటే డబ్బులు చేతిలో పెట్టేవాడు. మా వీధి ఆడవాళ్ళంతా జీపు కోసమే ఎదురుచూసేవారు. అది ఎంత ఖరీదైనదో ఎవరూ ఒక్కనాడు అనుకోగా నేను వినలేదు. మీ ప్లాంటు ఆడవాళ్ళు కూడా మీ కారు చూసి బాధపడుతున్నారని మీరు అనుకుంటున్నారు. వాళ్ళు 12వ తేదీ గురించి బాధపడుతున్నారేమో, ఒక్కసారి ఆలోచించండి.

ఇక దాక్కోవడం గురించి. భీమవరం చుట్టుపక్కల ఎవరి బండి ఎక్కడ ఆగిందో గంటలో ఊరందరికీ తెలుస్తుంది. మీ కారు ఐసు ఫ్యాక్టరీ వెనక ఉంటోందని మీ వాచ్‌మన్‌కి తెలుసు, వ్యాను డ్రైవర్లకి తెలుసు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంటుంది చూసేవాళ్ళకి. "ఓనరు గారు కారు దాస్తున్నారంట, కంపెనీ మూసేస్తారేమో" అని పుకారు ఇప్పటికే పుట్టి ఉంటుంది. రెండు రోజుల పని పోయిన ఇంట్లో అలాంటి పుకారు ఎంత టెన్షన్ పెడుతుందో చెప్పక్కర్లేదు. పైగా పదింటికి వెళ్ళడం మొదలుపెట్టాక వాళ్ళ మొహాలు చూడటమే మానేశారు మీరు. 'అయ్యగారు లేరు' అనే మాటకి అది ఎంత దగ్గరో మీకే తెలుసు.

పని రోజులు తగ్గించిన సంగతి సూపర్‌వైజర్‌తో చెప్పించడం పొరపాటు. అది మీరే చెప్పాల్సింది, ఇప్పుడైనా చెప్పండి. ఓవర్‌టైమ్ డబ్బు ఖాతాల్లో పడిన మర్నాడు, వ్యాన్లు వచ్చే వేళకి, కారు గేటు లోపలికే తీసుకెళ్ళి దిగండి. షిఫ్టు మొదలయ్యే ముందు పది నిమిషాలు చాలు. పెద్ద ప్రసంగం వద్దు. "మన సరుకు ఎక్కువగా అమెరికాకే వెళ్తుంది. 2025 ఆగస్టు 27న అక్కడ మన సరుకు మీద 50 శాతం అదనపు సుంకం వేశారు. అందుకని కొనేవాళ్ళు తగ్గారు, పని తగ్గింది. ఫలానా నెల దాకా వారానికి నాలుగు రోజులు గ్యారంటీగా ఇస్తాను. ఆ తర్వాత సంగతి మళ్ళీ నేనే వచ్చి చెప్తాను. జీతం ఇకమీదట 7 లోపు పడుతుంది. ఆలస్యం చేసింది నేను, తప్పు నాది." ఇంతే. మీరు నిలబెట్టుకోగలిగిన నెల పేరే చెప్పండి. ఎవరైనా కారు గురించి అడిగితే "కొన్నానమ్మా, ఇష్టపడి కొన్నాను" అనండి. సంజాయిషీ ఇవ్వకండి. పదిహేనేళ్ళు కష్టపడిన మనిషి తనకు నచ్చిన వస్తువు కొనుక్కున్నాడు, అందులో సిగ్గుపడాల్సింది నాకు కనబడలేదు.

చెరువు రైతులకి కూడా ఫోన్లు మీరే చెయ్యండి. డబ్బు లేకపోతే లేదని, ఎప్పుడిస్తారో తేదీతో చెప్పండి. ముందు చిన్న రైతులకి సర్దండి. ఎకరం, రెండెకరాలు కౌలుకి చేసేవాళ్ళు మేత బాకీ తీర్చకపోతే తర్వాత పంటకి రొయ్య పిల్ల కూడా వెయ్యలేరు, అది నాకంటే మీకే బాగా తెలుసు.

అమ్మాలా వద్దా అంటారా? సిగ్గుతో అమ్మకండి. ఏడాది కూడా సరిగా వాడని కారుని తొందరపడి అమ్మితే నష్టం మీదే, ఆ నష్టం మళ్ళీ ప్లాంటు మీదే పడుతుంది. మూడు నెలలు జీతాలు 7 లోపు వేసి చూడండి. కారు వాయిదా వల్ల అది కుదరడం లేదని లెక్కల్లో తేలితే అప్పుడు అమ్మండి. అప్పుడు అది మామూలు వ్యాపార నిర్ణయం అవుతుంది, మీ భార్య కూడా కాదనరు. ఆవిడని లెక్కల ముందు పక్కన కూర్చోబెట్టుకోండి.

నిద్ర విషయం తేలిగ్గా తీసుకోకండి. రెండు వారాలకి పైగా మూడింటికే మెలకువ వస్తోందంటే డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

మీ నాన్నగారి గురించి చివర్న రాస్తున్నాను, చిన్న విషయం అని కాదు. ఆయన కారెక్కకపోవడాన్ని మీరు తీర్పులా తీసుకున్నారు. అరుగు మీద కూర్చుని కారు వైపు చూస్తుంటారని రాశారు. ఎందుకు ఎక్కలేదని మాత్రం ఇంతవరకూ అడగలేదు. 78 ఏళ్ల మనిషికి ఆ కారు సీటు లోపలికి దిగి మళ్ళీ లేవడం మోకాళ్ళతో పని అయ్యుండొచ్చు. చెప్పులకి మట్టి ఉందని మొహమాటం అయ్యుండొచ్చు. కాంటెస్సా కూడా అయ్యుండొచ్చు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఆ రోజు సైకిల్ తిప్పేశాక దారిలో ఏమనుకున్నారో అడగండి. మీరు పన్నెండేళ్ళప్పుడు అడిగిన ప్రశ్నకి ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.

ఇంకొక్కటి. ఆవిడ 'మరక పడుద్ది' అని చెయ్యి వెనక్కి తీసుకున్నాక మీరేమన్నారో ఉత్తరంలో ఎక్కడా లేదు. ఏమీ అనలేకపోయి ఉంటారు. ఆవిడ ఇప్పటికీ రోజూ ఆ వ్యానులోనే వస్తున్నారు కదా. 'పడితే తుడుచుకుందాంలే, చెయ్యి వెయ్యండి' అని ఇప్పుడైనా అనొచ్చు.