ఒకే యుద్ధం మీద రెండు పందేలు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. బహ్రెయిన్ రాజధాని మనామాలో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాను. వయసు 36. నెలకు రూ.60 వేలు ఇంటికి పంపుతాను. అందులో ఇంటి ఖర్చులకు, గృహరుణ వాయిదాకు కలిపి రూ.45 వేలు పోతాయి. బ్యాంకులో రూ.60 వేలు ఉన్నాయి. ఏయే దేశాల్లో ఫార్ములా వన్ రేసులు జరుగుతాయో అంచనా కట్టి డబ్బు పెట్టే విదేశీ వెబ్‌సైటు ఒకటుంది. యుద్ధ భయం ఉన్నా ఆరు నెలల తరువాత ఇక్కడి సాఖిర్‌లో రేసు జరుగుతుందని నా నమ్మకం. అక్కడ రూ.80 పెడితే, రేసు జరిగినప్పుడు రూ.100 ఇస్తారు. నా భార్య నగల మీద నూటికి రూపాయి వడ్డీకి రూ.4 లక్షలు, తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి రూ.2 లక్షలు తెచ్చి పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళు ఎందరో చేసే పొరపాటే మీ ఉత్తరంలోనూ కనిపించింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. జీతం దేని మీద ఆధారపడి ఉందో, పొదుపును కూడా దాని మీదే పెట్టడం ఆ పొరపాటు. బహ్రెయిన్‌లో పరిస్థితులు బాగుంటాయన్న ఒక పందెం మీరు ఉద్యోగం రూపంలో ఇప్పటికే కాసి ఉన్నారు. రేసును రద్దు చేయించేంత దగ్గరికి యుద్ధం వస్తే, మీ కంపెనీకి పని ఇచ్చే హోటళ్ళు, కార్యాలయాలు కూడా మూతపడవచ్చు. అంటే రూ.6 లక్షలు పోవడమే కాక, అదే నెలలో జీతమూ ఆగిపోయే ప్రమాదం ఉంది.

అంచనా సంగతికి వస్తే, మీరున్న దేశం చరిత్రే చూడండి. 2011 మార్చి 13న జరగవలసిన బహ్రెయిన్ రేసు ప్రజాందోళనల వల్ల ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. జూన్ 3న దాన్ని అక్టోబరు 30కి మార్చి మళ్ళీ క్యాలెండరులో చేర్చారు. జట్లు ఒప్పుకోకపోవడంతో వారం తిరిగేలోపు అదీ రద్దయింది. మరుసటి ఏడాది ఆందోళనలు సాగుతుండగానే రేసు జరిపారు. 2022 మార్చిలో సౌదీ అరేబియాలోని జెద్దా ట్రాక్‌కు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో అక్కడి ప్రభుత్వ చమురు కంపెనీ అరామ్‌కో డిపోపై యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల దాడి జరిగి పొగ కనిపిస్తున్నా, డ్రైవర్లు ఆ రాత్రి గంటల తరబడి చర్చించుకున్న తరువాత ఆదివారం రేసు జరిగింది. అదే ఏడాది ఉక్రెయిన్‌పై దాడి మొదలైన మరునాడే రష్యాలోని సోచి రేసు జరపలేమని ప్రకటించారు. ఇటువంటి నిర్ణయాలు నిర్వాహకులు, జట్లు, ప్రభుత్వాలు, బీమా సంస్థల మధ్య జరిగే చర్చల్లో తేలుతాయే తప్ప, ట్రాక్ పక్క ఊళ్ళో ఉన్నంత మాత్రాన మనకు ముందుగా తెలియవు. మన హైదరాబాదులో 2024 ఫిబ్రవరిలో జరగవలసిన ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) రేసు ఏ యుద్ధమూ లేకుండానే, ప్రభుత్వం మారిన కొద్ది వారాలకే రద్దయింది.

ఇక అప్పు లెక్క చూద్దాం. నెలకు రూ.8 వేల చొప్పున ఆరు నెలలకు వడ్డీ రూ.48 వేలు. రేసు జరిగితే వచ్చే రూ.1.5 లక్షల లాభంలో మీకు మిగిలేది రూ.1.02 లక్షలు. జరగకపోతే రూ.6.48 లక్షల అప్పు మిగులుతుంది, నగలు తాకట్టులోనే ఉంటాయి. ఆదాయం ఎప్పుడైనా ఆగిపోగల మనిషి వడ్డీకి తెచ్చి పందెం కాయడం ఏ కోణంలో చూసినా సమర్థించలేని పని. పైగా బహ్రెయిన్‌లో జూదం నేరం, భారత్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 చట్టం నిషేధించింది కాబట్టి ఆ సైటు చెల్లించకపోతే మీరు ఫిర్యాదు చేయడానికి చోటే లేదు.

నన్ను నిజంగా కలవరపెట్టింది మీ బ్యాంకులో ఉన్న రూ.60 వేలు. నెలన్నర ఖర్చుకు కూడా చాలని ఆ సొమ్ముతో ఒక కుటుంబం యుద్ధ వాతావరణంలో రోజులు గడుపుతోంది. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు బహ్రెయిన్ కూడా తన గగనతలాన్ని కొంతసేపు మూసివేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అటువంటి పరిస్థితి వారాల తరబడి కొనసాగితే టికెట్టు ధర, గది అద్దె, ఇంటి దగ్గర వాయిదా అన్నీ ఒకేసారి మీద పడతాయి. మన దేశంలో ఉద్యోగం చేసేవారికి ఆరు నెలల అత్యవసర నిధి సరిపోవచ్చు గానీ, తిరిగివచ్చి మరో వీసా దొరికేదాకా ఆగవలసిన మీకు తొమ్మిది నెలలది, అంటే రూ.4.05 లక్షలు కావాలి. నెలకు మిగిలే రూ.15 వేలు కదపకుండా దాచితే, బ్యాంకులోని రూ.60 వేలతో కలిపి, మీరు చెప్పిన రేసు రాకముందే, అయిదు నెలల్లో, మూడు నెలల ఖర్చు రూ.1.35 లక్షలు సమకూరుతుంది. ఆ భాగాన్ని మీ భార్య పేరున ఉన్న పొదుపు ఖాతాలోనే ఉంచండి, ఎందుకంటే మీరు అందుబాటులో లేని రోజున ఆమె వెంటనే తీసుకోగలగాలి. ఆపైన పోగయ్యేది మీ ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశీ సంపాదనను ఇక్కడి బ్యాంకులో దాచుకునే ప్రవాసుల ఖాతా) డిపాజిట్ చేయండి. తిరుగు టికెట్టుకు సరిపడా దినార్లు మాత్రం మీ దగ్గరే ఉండాలి.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి ఇంటి దగ్గరివారికి విడిగా పాలసీ తీసుకోండి. గృహరుణం ఉంది కనుక టర్మ్ పాలసీ (గడువులోపు మరణిస్తే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) కూడా అవసరం. మీరు ఈసీఆర్ (విదేశాల్లో పనికి వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి అవసరమైన) పాస్‌పోర్టుపై వెళ్ళి ఉంటే, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి రూ.10 లక్షల రక్షణ ఉంటుంది. అది రెండు లేదా మూడేళ్ళకే వర్తిస్తుంది కాబట్టి గడువు ఎప్పుడు ముగుస్తుందో ఈ వారమే చూసుకోండి. వ్యక్తిగత ప్రమాద పాలసీలు చాలావరకు యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని మినహాయిస్తాయి, ఆ షరతు చదవకుండా సంతకం చేయవద్దు.

మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలనెలా కొంత మదుపు చేయడం) గురించి నిధి పూర్తయ్యాక, సుమారు రెండేళ్ళ తరువాత ఆలోచించవచ్చు. నగల మీద అప్పు ఇప్పటికే తీసుకుని ఉంటే, ఆ సొమ్మును సైటులో వేయకుండా ఈ రోజే తిరిగి కట్టి నగలు విడిపించండి. రెండు రూపాయల వడ్డీ అప్పు మాటను ఆ తెలిసినవారి దగ్గర మళ్ళీ ఎత్తవద్దు.